అయిదు రేవులు, మూడు రాత్రులు

ఓడ ప్రయాణం అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే సినిమాల్లో చూసిన దృశ్యమే కళ్లముందు కనిపించేది. డెక్కు మీద పడక కుర్చీ, చేతిలో పళ్లరసం, ఎదురుగా నీలంగా సముద్రం. వంట గొడవ లేదు, గిన్నెల గొడవ లేదు, "ఇవాళ కూరేంటి?" అని అడిగేవాళ్లు లేరు. పాతికేళ్లుగా పొయ్యి ముందు నిలబడ్డదాన్ని, మూడు రోజులు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు కదా అని తెగ సంబరపడ్డాను. ఆ సంబరం ఎంతవరకు తీరిందో, తీరనిచోట మేమేం చేశామో చెబుదామనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. మీలో ఎవరైనా పిల్లల దగ్గరికి విదేశాలు వెళ్లి, అక్కణ్నుంచి ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే పనికొస్తుంది.

మా అబ్బాయి జర్మనీలో వుద్యోగం చేస్తున్నాడు. 2023 మే నెలలో మావారు, నేను, మా అత్తయ్యగారు వాడి దగ్గరికి వెళ్లాం. "నాలుగు రోజులు సెలవు పెట్టి గ్రీసు దీవులకు ఓడ మీద తీసుకెళ్తాను" అన్నాడు వాడు. పిరేయస్ అని, ఏథెన్స్ నగరానికి ఆనుకుని వున్న రేవు. అక్కడ ఓడెక్కాలి. మొదటిరోజు సాయంత్రం మికొనోస్ దీవి. రెండోరోజు పొద్దున్న టర్కీలోని కుషాదాసి, సాయంత్రం పాత్మోస్. మూడోరోజు పొద్దున్న క్రీట్ దీవిలోని హెరాక్లియోన్, సాయంత్రం సాంతోరిని. నాలుగోరోజు తెల్లారేసరికి మళ్లీ పిరేయస్. మూడు రాత్రులు, అయిదు రేవులు, రెండు దేశాలు.

ఆ కాగితం చూసి మావారు, "డబ్బుకి తగ్గ బేరమంటే ఇదీ!" అని మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను. అయిదు రేవులుంటే ఓడలో కూర్చునేది ఎప్పుడు అని ఒక్కరికీ తట్టలేదు. అన్నిటికీ తలూపే అత్తయ్యగారు కూడా అప్పుడేమీ అనలేదు.

పొద్దున్నే పది గంటలకు ఓడెక్కాం. తొమ్మిదంతస్తుల మేడ నీళ్లమీద నిలబడ్డట్టుంది. ప్రతివాళ్లకీ ఒక కార్డు ఇచ్చారు. గది తాళం అదే, గుర్తింపు అదే, ఓడ దిగినా ఎక్కినా "టింగ్" మని అది చూపించాలి. ఎవరు బయటికి వెళ్లారో, ఎవరు తిరిగి రాలేదో వాళ్లకు దాన్నిబట్టి తెలిసిపోతుంది. గది మా వంటింటి కంటే కాస్త చిన్నది. ఎక్కీ ఎక్కగానే అందరినీ పోగుచేసి, ప్రమాదం వస్తే లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో, ఎక్కడ నిలబడాలో చూపించారు. ఇది తప్పనిసరి, ఎగ్గొట్టకూడదు. అది అయ్యేసరికి భోజనాల వేళ. భోజనం చేసి గదికొస్తే, మంచం మీద మర్నాటి కార్యక్రమం అచ్చువేసిన కాగితం. మర్నాడు ఆరింటికే ఫలహారమట!

మికొనోస్ చేరేసరికి సాయంత్రం ఆరు. మే నెల కాబట్టి ఇంకా పట్టపగల్లా ఎండ. ఊరంతా తెల్లటి ఇళ్లు, నీలం తలుపులు. సందులు చూస్తే అల్లిన చాపలా ఒకదాంట్లోంచి ఒకటి. సముద్రపు దొంగలు దారి తప్పాలని అలా కట్టుకున్నారని అక్కడివాళ్లు చెబుతారు. దొంగల సంగతేమోగాని మేము మాత్రం రెండుసార్లు తప్పిపోయాం. సందుల్లో పరిచిన రాళ్ల చుట్టూ కూడా సున్నంతో తెల్లటి గీతలు. సంక్రాంతికి మనం గోడలకు వెల్లవేసి అరుగంచులు దిద్దుకున్నట్టే. గట్టు మీద వరసగా గాలిమరలు. ఒకప్పుడు ఆ గాలితోనే ధాన్యం విసిరేవారట. "అయితే ఇవి వీళ్ల పిండిమరలన్నమాట" అన్నారు అత్తయ్యగారు. ఆ గట్టు పక్కన కూర్చుని పొద్దు గుంకడం చూశాం. ఓడకి తిరిగొచ్చి, అన్నం తిని పడుకునేసరికి పదకొండున్నర.

మర్నాడు ఏడున్నరకి కుషాదాసి. అక్కణ్నుంచి బస్సులో ఎఫెసస్ అనే పాత నగరానికి తీసుకెళ్లారు. రోమన్ల కాలంలో అది గొప్ప పట్నం. పాలరాతి వీధి, రెండువేల ఏళ్ల కిందటి అరుగులు, రాతి మరుగుదొడ్లు, ఎక్కడ చూసినా పిల్లులు! సెల్సస్ అనే అధికారి జ్ఞాపకార్థం ఆయన కొడుకు కట్టించిన గ్రంథాలయం ముఖభాగం ఇప్పటికీ రెండంతస్తుల ఎత్తున నిలబడి వుంది. దాని కిందే ఆ తండ్రి సమాధి. పాతికవేల మంది కూర్చునేంత నాటకశాల కూడా వుంది.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది వేరే విషయం. ఎఫెసస్ ఒకప్పుడు రేవు పట్నమట. నాటకశాల ముందునుంచి తిన్నగా రేవుకి వీధి వుంది. కానీ ఇప్పుడు ఆ వీధి చివర సముద్రం లేదు, పొలాలున్నాయి. నది తెచ్చిన మేటకు రేవు పూడిపోయి, సముద్రం కొన్ని కిలోమీటర్ల దూరం జరిగిపోయింది. రేవు పోయాక ఊరూ పోయింది. మా పుట్టిల్లు బందరు. బందరు అంటేనే రేవు అని అర్థం. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు మన కలంకారీ బట్టల కోసం వెతుక్కుంటూ వచ్చిన రేవు. మేట వేసి, పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక అది ఎలా చిక్కిపోయిందో మా తాతగారు కథలుగా చెప్పేవారు. ఎక్కడో టర్కీలో, ఆ రాళ్లమధ్య నాకు మా ఊరు గుర్తొచ్చింది. ఇంకాసేపు అక్కడ కూర్చోవాలనిపించింది. కానీ గైడు జెండా పైకెత్తి, "బస్సు వెళ్లిపోతుంది, రండి రండి" అంటున్నాడు.

ఎందుకంటే ఆ తర్వాత తివాచీల దుకాణం వుందిగా! గాజు గ్లాసుల్లో టీ ఇచ్చి, పట్టుకాయల్నించి దారం తీయడం దగ్గర్నించి చూపించారు. చూడ్డానికి బాగానే వుంది. కానీ ఎఫెసస్‌లో మిగలని ముప్పావు గంట ఇక్కడ మాత్రం మిగిలింది. కొనకుండా బయటపడ్డానికి మాకు మరో పావుగంట పట్టింది.

మధ్యాహ్నం ఓడకొచ్చేసరికి అత్తయ్యగారి మోకాళ్లు వాచిపోయి వున్నాయి. ఆవిడకి డెబ్భై రెండేళ్లు. ఎఫెసస్‌లో పైనుంచి కిందికి వాలుగా నడిచే దారే అయినా, పాలరాయి నున్నగా జారుతుంది, ఎక్కడా నీడ లేదు. పాపం ఒక్క మాట అనకుండా నడిచారు. వేణ్నీళ్ల గుడ్డ వేసి కాపడం పెడుతున్నాను. ఇంతలో మావారు లోపలికొచ్చి, "నాలుగున్నరకి పాత్మోస్. తయారవండి" అన్నారు.

"అత్తయ్యగారు రాలేరండీ. నేనూ వుండిపోతాను" అన్నాను.

"అంత డబ్బుపోసి వచ్చి గదిలో కూర్చుంటారా? మళ్లీ జన్మలో వస్తామా ఇక్కడికి?" అన్నారాయన. గొంతులో కాస్త చిరాకు వుంది.

నిజం చెప్పొద్దూ, నాకూ ప్రాణం ఉసూరుమంది. పాత్మోస్ కొండమీద 1088లో కట్టడం మొదలుపెట్టిన మఠం వుంది. సెయింట్ జాన్ బైబిల్లోని ప్రకటన గ్రంథాన్ని రాశారని క్రైస్తవులు నమ్మే గుహ కూడా అక్కడే. చూడాలని నాకూ వుంది. అయినా "మీరూ అబ్బాయీ వెళ్లిరండి" అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా కెమెరా తీసుకుని వెళ్లిపోయారు.

ఓడ రేవుకి కాస్త దూరంలో లంగరు వేసింది. జనమంతా చిన్న పడవల్లో ఒడ్డుకి వెళ్లిపోయారు. అత్తయ్యగారిని మెల్లగా లిఫ్టులో పైడెక్కుకి తీసుకెళ్లాను. చూస్తే, ఏముందీ, అంత డెక్కూ ఖాళీ! పొద్దున్న కుర్చీల కోసం తువ్వాళ్లు పరిచి పోటీలు పడిన చోట ఇప్పుడు మేమిద్దరమే. రెండు పడక కుర్చీలు లాక్కున్నాం. టీ తెచ్చుకున్నాం. ఎదురుగా కొండ, కొండమీద కోటలాంటి మఠం, దాని చుట్టూ తెల్లటి ఊరు. కింద రేవులో బుల్లి పడవలు. గాలి చల్లగా వీస్తోంది.

చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆవిడే అన్నారు:

"అమ్మాయ్, నేను ఊళ్లు చూడ్డానికి రాలేదే. ఓడెక్కడానికొచ్చాను."

నేను తెల్లబోయాను. అప్పుడు చెప్పుకొచ్చారు. ఆవిడ తండ్రి కాకినాడ దగ్గరి పల్లెనుంచి రంగూన్ వెళ్లి, అక్కడ బియ్యం మిల్లులో పనిచేశారట. ఆ రోజుల్లో గోదావరి జిల్లాలనుంచి, విశాఖపట్నం వైపునుంచి అలా వేలమంది ఓడల మీద బర్మా వెళ్లేవారు. కలిగినవాళ్లకి గదులు, మిగతావాళ్లంతా డెక్కు మీదే. 1941 డిసెంబర్లో రంగూన్ మీద బాంబులు పడ్డాయి. ఆయన అదే యేడాది ఎండాకాలంలో జ్వరం తగిలి తిరిగొచ్చేశారు కాబట్టి బతికిపోయారు. తర్వాత పెళ్లి, పిల్లలు. మళ్లీ ఓడెక్కలేదు.

"ఎవరి చాప వాళ్లు పరుచుకునేవారట. రాత్రి వెల్లకిలా పడుకుంటే చుక్కలన్నీ ఓడతోపాటు వూగేవని చెప్పేవాడు మా నాన్న. నిన్నూ ఓసారి ఓడెక్కిస్తానే అనేవాడు. ఎక్కించలేకపోయాడు. మనవడు ఓడ అనగానే నాకు అదే గుర్తొచ్చింది. ఎక్కిన దగ్గర్నించీ పరుగులేగా! నిన్న రాత్రి చుక్కలు చూద్దామనుకున్నాను, నిద్ర పట్టేసింది."

పాతికేళ్లుగా ఆవిడతో ఒకే ఇంట్లో వుంటున్నాను. ఆవిడకి ఏ కూరలో ఉప్పెంత కావాలో తెలుసు, ఏ మందు ఏ వేళకి వేసుకోవాలో తెలుసు. ఈ కథ మాత్రం నాకు తెలియదు. అడగలేదు మరి. అడిగే తీరిక ఇద్దరికీ ఎప్పుడూ కుదరలేదు. ఇంట్లో మాట్లాడుకుంటే పనిమనిషి గురించో, పప్పుల ధరల గురించో.

చీకటిపడేదాకా అక్కడే వున్నాం. కొండమీద ఊళ్లో దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. ఓడ కదిలి, ఒడ్డు వెలుగులు వెనకబడ్డాక, ఆకాశంలో చుక్కలు కనిపించాయి. ఆవిడ తల వెనక్కి వాల్చి చూస్తూనే వున్నారు. "వూగుతున్నాయే!" అన్నారు చిన్నపిల్లలా.

ఆ రాత్రి గదిలో మావారికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "తాతయ్య ఓడ సంగతి నాకూ చెప్పలేదే అమ్మ" అన్నారు చివరికి.

మూడోరోజు ఏడింటికే హెరాక్లియోన్. "నేను రాను, మీరు ముగ్గురూ వెళ్లండి. నాకు డెక్కు చాలు" అన్నారు అత్తయ్యగారు. ఈసారి ఎవరూ బలవంతపెట్టలేదు. ఆవిడకి ఫలహారం తెచ్చిపెట్టి వెళ్లాం. రేవుకి అయిదు కిలోమీటర్ల దూరంలో క్నోసోస్ అనే పాత రాజప్రాసాదం వుంది. సుమారు మూడువేల అయిదువందల ఏళ్లకు పూర్వపుది. ఆర్థర్ ఎవాన్స్ అనే ఇంగ్లీషాయన 1900లో తవ్వించడం మొదలుపెట్టారు. విరిగిన చోట్ల సిమెంటుతో మళ్లీ కట్టించారు కూడా. రంగుల స్తంభాలు, గోడమీద డాల్ఫిన్ చేపల బొమ్మలు అందరూ చూస్తారు. నేను మాత్రం సామాన్ల గదుల దగ్గరే నిలబడిపోయాను. మనిషెత్తు మట్టిజాడీలు, వరసగా! నూనె, ధాన్యం నిలవచేసేవారట. మా అమ్మమ్మ ఇంట్లో గాదెలూ, ఊరగాయ జాడీలూ గుర్తొచ్చాయి. రాజుగారి కొంపైనా, నూనె ఎంత వుందో చూసుకునే మనిషి ఒకరు వుండే వుంటారు కదా!

మధ్యాహ్నం ఓడలో తీరిగ్గా భోజనం చేశాం. శాకాహారులకు గ్రీకు భోజనంలో ఇబ్బంది లేదు. టమాటాలు, బెంగుళూరు మిరపకాయలు దొలిచి బియ్యం కూరి వండుతారు. ద్రాక్షాకుల్లో అన్నం చుట్టిన పొట్లాలు, పాలకూర కూరిన పొరల రొట్టె, కీరదోసకాయ పెరుగుపచ్చడి వుంటాయి. ఆ పచ్చడిలో వెల్లుల్లి ఘాటుగా తగుల్తుంది. బుక్ చేసేటప్పుడే శాకాహారమని రాయించడం మంచిది. మేం తీసుకెళ్లిన కందిపొడి మాత్రం సీసా అడుగంటిపోయింది.

ఇక సాంతోరిని. సుమారు మూడువేల ఆరువందల ఏళ్ల కిందట అగ్నిపర్వతం పేలి, దీవి నడిభాగం సముద్రంలోకి కుంగిపోయిందట. మిగిలిన అంచు మీద, నిట్టనిలువు కొండకొమ్మున తెల్లటి ఊళ్లు. ఓడ మధ్యలో ఆగుతుంది. చిన్న పడవలో పాతరేవుకి చేరాలి. అక్కణ్నుంచి పైన ఫిరా ఊరికి మూడు దారులు: కేబుల్ కారు, గాడిదలు, లేదా 580కి పైగా మెట్లు. కేబుల్ కారులో మూడు నిమిషాల్లో పైకి వెళ్లిపోయాం. అత్తయ్యగారు కూడా వచ్చారు. పైన ఒక చిన్న హోటల్లో కూర్చుంటే, "ఫావా" అని పసుప్పచ్చటి ముద్ద తెచ్చారు. ఆ దీవిలో పండే ఒకరకం పప్పు వుడికించి, మెత్తగా మెదిపి, పైన ఆలివ్ నూనె, ఉల్లిపాయ ముక్కలు వేస్తారు. "ఇది మన ముద్దపప్పేగా! ఇంగువ మర్చిపోయారు" అన్నారు ఆవిడ. టమాటా పకోడీల్లాంటివి కూడా తిన్నాం.

ఆఖరి పడవ తొమ్మిదింటికి. ఆ రోజు ఇంకా రెండు మూడు పెద్ద ఓడలు లంగరు వేసి వున్నాయి. నేను ఏడింటికే "క్యూ పెరుగుతోంది, దిగిపోదాం" అన్నాను. "ఎనిమిదీ ఇరవైకి సూర్యాస్తమయం. అది చూడకుండా ఎలా?" అన్నారు మావారు. సరే, మీరు చూసి రండి అని, అత్తయ్యగారూ నేనూ క్యూలో నిలబడ్డాం. కిందికి చేరేసరికి దాదాపు గంట పట్టింది. ఎనిమిదిన్నరకి ఫోను చేస్తే, "క్యూ ఊరి మధ్యదాకా వుందమ్మా, మెట్లమీదుగా వస్తున్నాం" అన్నాడు అబ్బాయి.

ఆ అరగంట నేను పడ్డ అవస్థ చెప్పలేను. ఓడవాళ్ల బస్సులో వెళితే ఆలస్యమైనా వాళ్లే బాధ్యత తీసుకుంటారు. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఓడ ఆగదు. ఒకటే పడవ మిగిలింది. పడవవాడు గడియారం చూసుకుంటున్నాడు. తొమ్మిదికి అయిదు నిమిషాలుందనగా, మెట్ల మలుపులో తండ్రీ కొడుకులు కనిపించారు. మావారి బూట్లనిండా గాడిద పేడ. రొప్పుతూ వచ్చి పడవలో కూలబడ్డారు.

అత్తయ్యగారు తాపీగా, "డబ్బుకి తగ్గట్టు చూశావా నాయనా?" అని అడిగారు.

పడవలో వున్నవాళ్లకి తెలుగు రాకపోయినా, మేం నవ్వుతుంటే వాళ్లూ నవ్వారు. ఆ రాత్రి నలుగురం డెక్కు మీదే కూర్చున్నాం. మావారు కూడా.

పాల లెక్క రాసుకునే చిన్న పుస్తకం నా సంచీలో ఎప్పుడూ వుంటుంది. తిరుగు ప్రయాణంలో అందులో రాసుకుని చూశాను. అయిదు రేవులూ కలిపి దాదాపు ఇరవై నాలుగు గంటలు. అందులో బస్సులు, క్యూలు, దుకాణాలు తీసేస్తే తీరిగ్గా చూసింది పది గంటలైనా లేదు. అయిదు రేవుల్లో నేను నాలుగు దిగాను, అత్తయ్యగారు మూడే దిగారు. మాకేమైనా తక్కువైందా అంటే, కాలేదు. దిగని చోటే ఎక్కువ దొరికింది.

వెళ్లాలనుకునేవారికి నాకు తెలిసిన నాలుగు సంగతులు చెబుతాను. రోజుకి రెండు రేవులుండే ఓడైతే, ఏది దిగకుండా వుండిపోతారో ఇంటి దగ్గరే అనుకోండి. అక్కడికెళ్లాక అనుకుంటే పోట్లాటలే. ఓడ చార్జీ ఒక్కటే కాదు, బస్సు యాత్రలకు, పానీయాలకు విడిగా డబ్బవుతుందేమో ముందే అడగండి. టర్కీ రేవు వుంటే షెంజెన్ వీసా ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చింది చాలదు, మళ్లీ గ్రీసులోకి రావాలి కదా. టర్కీ వీసా సంగతి కూడా బుక్ చేసేటప్పుడే తేల్చుకోండి. చలికాలంలో టర్కీకీ గ్రీసుకీ ఒక గంట తేడా వుంటుంది. అందుకని ఓడలో చెప్పిన సమయమే మీ సమయం. జారని చెప్పులు, టోపీ, మోకాళ్లకి రాసుకునే మందు చేతిసంచీలోనే వుండాలి. చిన్న పడవలో దిగే రేవుల్లో, ఆఖరి పడవకి గంటన్నర ముందే వెనక్కి మళ్లండి. సూర్యాస్తమయం డెక్కు మీదనుంచి కూడా కనిపిస్తుంది.

ఇంకొక్క మాట. మీతో పెద్దవాళ్లు వస్తుంటే, "మీకేం చూడాలనుంది?" అని బయల్దేరేముందు ఒక్కసారి అడగండి. మేం అడగలేదు. ఆ సాయంత్రం మోకాళ్లు వాచకపోయి వుంటే, మా అత్తయ్యగారు ఓడెందుకెక్కారో మాకు తెలిసేదే కాదు.